ఏడవకుండా సాగనంపిన బిడ్డ

మా అమ్మ ఏడవదు. ఈ మాట మా చుట్టాల్లో అనని వాళ్లు లేరు. మా నాయిన పోయిన రోజు ఆడవాళ్లంతా చుట్టూ కూర్చొని శోకాలు పెడుతుంటే, అమ్మ గోడకు ఆనుకొని, వచ్చినవాళ్లకు ఎవరైనా మంచినీళ్లు ఇచ్చారో లేదో చూస్తూ కూర్చుంది. మా మేనత్త ఊరుకునే మనిషి కాదు. "గుండెనా, బండనా వదినె నీది?" అని అందరి ముందూ అడిగేసింది. అమ్మ ఖాళీ చెంబు నా చేతికిచ్చి నింపుకు రమ్మంది. నాకైతే మేనత్త మీద ఒళ్లు మండింది. ఆ రోజు గుండెలు బాదుకున్న వాళ్లలో సగం మంది మధ్యాహ్నానికల్లా కల్లు వచ్చిందా రాలేదా అని ఆరా తీసినవాళ్లే.

అమ్మకు ఏడుపు లేదు కానీ ఒక కూనిరాగం ఉండేది. బియ్యం చెరిగేటప్పుడు, బట్టలు ఆరేసేటప్పుడు తనకు తెలియకుండానే తీసేది. మాటలుండవు. రాగం పైకి పోయి, అక్కడ కాసేపు వణికి, ఒక్కసారిగా కిందికి జారేది. చిన్నప్పుడు తమ్ముడూ నేనూ దానికి ఏడుపు పాట అని పేరు పెట్టాం. "ఏడుపు రానోళ్లకు పాటన్న ఉండాలె గద" అని వాడు వెక్కిరిస్తే అమ్మ నవ్వి ఊరుకునేది. అది ఎక్కడ నేర్చుకున్నదో మేం అడగలేదు. తల్లులకు తల్లులు కాకముందు కూడా ఒక బతుకు ఉంటుందని పిల్లలకు తోచదు కదా.

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. మా జిల్లా అప్పటికి ఇంకా ముక్కలు కాలేదు. జనగామ, భూపాలపల్లి, మేమంతా మానుకోట అని పిలుచుకునే మహబూబాబాద్, అన్నీ ఒక్క జిల్లాయే. నేను పెద్దవంగర హైస్కూల్లో సోషల్ టీచర్‌ని, జనగామలో అమ్మతో ఉండేదాన్ని. తమ్ముడు భూపాలపల్లి బొగ్గుబాయిలో పనివాడు. బడులు మూతపడ్డాయి, బస్సులు డిపోలు దాటడం లేదు, బాయిలో బొగ్గు కదలడం లేదు. నేను పొద్దున టెంటు కింద కూర్చొని గొంతు పోయేదాకా నినాదాలిచ్చేదాన్ని. సాయంత్రం అదే గొంతుతో మా వాడకట్టు పిల్లల్ని వసారాలో కూర్చోబెట్టి పాఠం చెప్పేదాన్ని. "సమ్మెల ఉండి పాఠమేంది మేడం?" అని ఒక తోటి టీచర్ నిలదీస్తే, "జీతం రాని పాఠం సమ్మె కిందికి రాదు సార్" అని నోరు మూయించాను.

ఆ సాయంత్రం నాజీల పాఠం. పాఠ్యపుస్తకంలో ఉన్నది నాకు చాలక, లైబ్రరీ పుస్తకం తెచ్చుకొని చదివి, కథలాగా చెప్తున్నాను. నాజీలు ఒక దేశం తర్వాత ఒక దేశాన్ని ఆక్రమించుకుంటూ పోయారనీ, పోయినచోటల్లా యూదుల్ని ఏరి, రైలు డబ్బాల్లో కుక్కి చావుకు పంపారనీ, చంటిపిల్లల్ని కూడా వదల్లేదనీ చెప్పాను. ఆ దేశాల్లోనే కొందరు మామూలు మనుషులు, అంటే రైతులు, పంతుళ్లు, నర్సులు, మఠాల్లోని సన్యాసినులు, ఆ పిల్లల్ని గుట్టుగా తెచ్చి తమ పిల్లల్లో కలుపుకున్నారని చెప్పాను. కొత్త పేర్లు పెట్టారు. తమ ప్రార్థనలు నేర్పారు. పాత పేరుతో ఎవరు పిలిచినా తిరిగి చూడొద్దని అలవాటు చేశారు. తుపాకీ పట్టుకున్నవాడు వచ్చి ఈ పిల్ల ఎవరని అడిగితే మా అక్క బిడ్డ అని కళ్లలో కళ్లు పెట్టి చెప్పారు.

"దొరికితె ఏంజేస్తరు మేడం?" అని ఒక పిల్ల అడిగింది.

"దాచినోళ్లను కూడ చంపేటోళ్లు."

గడప దగ్గర చాటలో కందిపప్పు ఏరుతూ కూర్చున్న అమ్మ తల ఎత్తింది.

"మరి ఏడుపెట్ల ఆపిన్రు?" అంది.

"ఎవల ఏడుపమ్మా?"

"ఆ పిల్లలదే. పేరు మారుస్తరు, మొక్కుడు నేర్పిస్తరు, గుడ్డలు మారుస్తరు. అంత మంచిగనే ఉంది. పిల్ల గద, భయమైతె ఏడుస్తది. ఏడిస్తె దాని తల్లి బాసలనే ఏడుస్తది. గది ఎట్ల ఆపిన్రు? నీ పుస్తకంల రాసిన్రా?"

రాయలేదు. పుస్తకం రాసినవాళ్లకు ఆ సందేహం వచ్చినట్టు లేదు, నాకూ రాలేదు. పిల్లలందరూ ఇళ్లకు పోయాక అమ్మ చాట పక్కన పెట్టింది. డెబ్భై ఏళ్లు పైబడిన మనిషి, నాయినకు కూడా చెప్పని సంగతి ఆ సాయంత్రం నాకు చెప్పింది.

నైజాం చివరి రోజులు. అమ్మ అప్పుడు పలకా బలపం వయసు పిల్ల. జనగామ పక్కన వాళ్ల ఊళ్లో దొర మీద సంఘం లేచింది. అమ్మ తండ్రి, అంటే మా తాత, సంఘంలో కలిసి అడవికి పోయాడు. దొర మనుషులు తుపాకులోళ్లను వెంటబెట్టుకొని వచ్చి ఇల్లు కాల్చారు. మా అమ్మమ్మను పట్టుకుపోయి క్యాంపులో పెట్టారు. "పోరిని కూడ పట్టుకొస్తె వాడే దిగొస్తడు" అని దొర అన్నాడట. ఆ మాట చెవినపడిన ఒక పాలేరు అమ్మను జొన్న చొప్పలో దాచి, ఆ దారిన పశువుల్ని తోలుకొని తిరిగిపోతున్న ఒక లంబాడీ మనిషి చేతిలో పెట్టాడు. ఆ మనిషికి అమ్మ ఎవరో తెలియదు. అడిగి తెలుసుకొని, "సరే" అన్నాడట. అంతే. పశువులతో పాటు నడుచుకుంటూ కొత్తగూడ అడవిలోని తన తండాకు తీసుకుపోయి భార్యకు అప్పగించాడు.

లంబాడీలు తల్లిని యాడి అంటారు. అమ్మ ఆమెను అలాగే పిలిచేది. యాడి అమ్మకు అద్దాలు కుట్టిన పావడా, రవికె కుట్టింది. జడ విప్పి తమ పద్ధతిలో అల్లింది. తండా మాటలు నేర్పింది. అమ్మ అన్నీ నేర్చుకుంది. రాత్రి పడుకోబోయేటప్పుడు మాత్రం "అమ్మా" అని ఏడ్చేది. యాడి అమ్మ నోరు మూయలేదు, గదమాయించలేదు. ఒళ్లో పడుకోబెట్టుకొని పక్కనే తానూ సన్నగా రాగం తీసి ఏడ్చేదట.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. లంబాడీ ఆడవాళ్లు చాలా రోజులకు కలుసుకుంటే మనలాగా బాగున్నావా అనరు. మెడలు కావిలించుకొని, రాగం తీసి, పాడుతూ ఏడుస్తారు. ఎవరు పోయారు, ఎవరికి పిల్లలు పుట్టారు, ఆవు ఈనిందా, వాన పడ్డదా, సమాచారమంతా ఆ ఏడుపులోనే. ఒకామె అయ్యాక ఇంకొకామె అందుకుంటుంది. అది పూర్తయ్యేదాకా మగవాళ్లు దూరంగా నిలబడతారు. మధ్యలో పలకరించడం మర్యాద కాదు. ఆడపిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు కూడా అంతే. తండాలో ప్రతి ఇంటి ఆడదాన్నీ పట్టుకొని ఏడ్చి పోవాలి.

ఒక పగటిపూట తండాలోకి మోటారు వచ్చింది. ఆ తండా చూసిన మొదటి మోటారు అదేనట. ఖాకీ గుడ్డల తుపాకులోళ్లు దిగి, సంఘపోళ్ల పిల్లల్ని దాచారని తెలిసిందనీ, పిల్లలందర్నీ వరుసగా నిలబెట్టమనీ అన్నారు. అమ్మ యాడి పక్కనే ఉంది. నేర్పినవన్నీ గుర్తున్నాయి. కానీ ఇల్లు కాల్చిన రోజు చూసిన ఖాకీ మళ్లీ కళ్లబడేసరికి అన్నీ మర్చిపోయి, "అమ్మా" అని తెలుగులో గట్టిగా ఏడ్చింది.

ఖాకీ వాళ్లు అటు తిరిగారు.

"యాడి ఒక్క దుంకు దుంకి నా మెడ పట్టుకున్నది బిడ్డా" అంది అమ్మ. "నాకంటె గట్టిగ ఏడుపందుకున్నది. నా మొఖం ఆమె బుజాన అదిమిపెట్టి, పైన కొంగు కప్పింది. ఆ రాగంలనే చెప్తున్నది. నోరు తెరువకు నా తల్లీ, మొఖమెత్తకు, నా తర్వాత నిన్ను పెద్దమ్మ పట్టుకుంటది, ఆమె తర్వాత పక్కింటామె పట్టుకుంటది, పట్టుకున్నోళ్ల దిక్కు పో, కాళ్లు కదుపుకుంట పో. గట్ల చెప్పుకుంట ఏడుస్తున్నది."

తుపాకులోళ్లకు ఆ భాష రాదు. తండా నాయకుడు చేతులు కట్టుకొని, ఆమె చెల్లెలు చచ్చిపోయింది, తల్లి లేని పిల్ల ఇవాళే వచ్చింది, ఏడ్చి అయినంక అడగండి దొరా, మధ్యలో ఆపితే ఇంటికి కీడు అన్నాడు. వాళ్లు సరేనని చెట్టు కింద కూర్చున్నారు. యాడి తర్వాత పెద్దమ్మ, పెద్దమ్మ తర్వాత పక్కింటామె. ఒక మెడ వదిలి ఇంకో మెడ పట్టుకుంటూ, ఒక్కొక్క ఇల్లూ దాటుకుంటూ, మా అమ్మ ఏడుపులోనే తండా చివరి ఇంటిదాకా పోయింది. అక్కడి నుంచి జొన్న చేను. చేను అవతల అడవి. అక్కడ పశువుల మనిషి నిలబడి ఉన్నాడు. ఇవతల పిల్ల లేకపోయినా ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకొని ఏడుస్తూనే ఉన్నారట.

ఏడుపు ఎంతకీ తెగకపోయేసరికి తుపాకులోళ్లకు అనుమానం వచ్చింది. లేచి చూస్తే పిల్ల లేదు. తుపాకీ మడమతో యాడి ఎడమ చేతి మీద కొట్టారు. మణికట్టు విరిగింది. అడవిలో దవాఖాన ఎక్కడిది? కట్టు కట్టారు కానీ చెయ్యి వంకరగానే అతికింది. వాళ్లు పోయి, అమ్మను అడవి నుంచి మళ్లీ తండాకు తెచ్చాక, యాడి ఆ చేత్తోనే అమ్మకు జొన్నరొట్టెలు చేసి పెట్టింది.

అల్లరి సద్దుమణిగాక తాత వచ్చాడు. తండా ఆడవాళ్లంతా బిడ్డను సాగనంపడానికి వరుసగా నిలబడ్డారు. తాతకు భయం. దారిలో ఇంకా మిలిట్రీ తిరుగుతున్నది. "ఏడ్వకుండ్రి, సప్పుడైతె నల్గురికి తెలుస్తది" అని చేతులు జోడించాడు. యాడి కొంగు నోట్లో కుక్కుకొని నిలబడిపోయింది. ఊరి పొలిమేరలో, అప్పటికి క్యాంపు నుంచి బయటపడ్డ మా అమ్మమ్మ పసుపునీళ్లు పోసి, అద్దాల పావడా తీసి మంటల్లో వేసి, తండాలో అన్నం తిన్న సంగతి ఎక్కడా అనొద్దని, అంటే పెళ్లి కాదని ఒట్టు వేయించుకుంది. మా అమ్మ బతికి వచ్చింది సరే, ఎవరి చేతి అన్నంతో బతికిందో చెబితే పరువు పోతుందట. మా వాళ్ల పరువు అంత పలచనిది మరి.

"అప్పటిసంది నాకు ఏడుపు రాదు బిడ్డా" అంది అమ్మ. "ఏడ్వద్దంటె ఏడ్వకుండ వచ్చిన. వాళ్లల్ల బిడ్డ ఏడ్వకుండ పోతె పోయినట్టు కాదు. యాడి లెక్కల నేనింక పోనే లేదు. ఉన్నదో, పోయిందో. ఉంటె ఒక్కపారి పోయి ఏడ్చి రావాలె."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాకూ నోరు దాచుకున్న అనుభవం ఒకటుంది. కోస్తాలో ట్రైనింగ్ చేసేటప్పుడు నేను నోరు తెరిస్తే చాలు పక్క బెంచీవాళ్లు సినిమాల్లో జోకర్ని చూసినట్టు నవ్వేవాళ్లు. ఏడాది పొడుగునా వాళ్లలాగా మాట్లాడటానికి ప్రయత్నించి, ఇంటికొచ్చి అమ్మ దగ్గర ఏకరువు పెట్టేదాన్ని. అమ్మ అంతా విని, "పోనీ తియ్, నవ్విరి గంతే గద" అనేది. నవ్వుకీ తుపాకీ మడమకీ ఎంత దూరమో తెలిసిన మనిషి అలా అన్నదని నాకిప్పుడు తెలిసింది. యూదుల పిల్లల్ని దాచినవాళ్ల గురించి చదువుతూ వాళ్లు ఎక్కడో దూరదేశపు దేవుళ్లని అనుకున్నాను. అలాంటి మనిషి చేతి రొట్టె తిన్నావిడ నా ఇంట్లోనే కందిపప్పు ఏరుతున్నది.

తమ్ముడికి ఫోన్ చేశాను. వాడి బాయిలో కొత్తగూడ వైపు తండాలవాళ్లు చాలామంది ఉన్నారు. వంకర మణికట్టు ముసలామె, వెనకట తెలుగు పిల్లను దాచిందట అని అడిగితే, ఆమె మనవడి దోస్తే దొరికాడు. "ఉన్నదటక్కా" అన్నాడు తమ్ముడు. "గని మంచంల ఉన్నది. ఈ చలికాలం ఎల్లుడు కష్టమంటున్నరు." సమ్మె ఎప్పుడు తేలుతుందో ఎవరికీ తెలియదు. అమ్మ అప్పటికే నువ్వులు వేయించడం మొదలుపెట్టింది.

వాడు ఒక దోస్తు దగ్గర జీపు అడుక్కొని వచ్చాడు. దాని చప్పుడు మా వాడకట్టు మలుపు తిరగకముందే వినిపించింది. పైన బాయి ఖాకీ అంగీ వేసుకొచ్చాడు. "సమ్మెల ఉండి డ్యూటీ అంగీ ఏందిరా?" అంటే, "గిది అంగీ కాదక్కా, పాసు" అన్నాడు. నిజమే. బొగ్గుబాయి కార్మికులు సమ్మెకు వెన్నెముక కదా, ఎక్కడ రోడ్డు బందు చేసినా ఆ అంగీని చూసి రాళ్లు పక్కకు జరిపేవాళ్లు. నువ్వుల ముద్దల డబ్బా చూసి వాడు అమ్మను కూడా వదల్లేదు. "పండ్లు లేని ముసల్దానికి నువ్వుల ముద్దలేందే?" "నాకు ఇష్టమని ఆమె దంచిపెట్టేది. నేను దంచిపెడితె ఆమె చప్పరించదా?" అంది అమ్మ.

పెద్దవంగరలో మా బడివాళ్లే రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. మా హెడ్మాస్టరు నడుముకు తువ్వాల చుట్టుకొని పప్పుచారు కలుపుతున్నాడు. "సమ్మెల టూరు పెట్టుకున్నవా మేడం?" అన్నాడు. ఎందుకు పోతున్నామో చెప్పాను. గరిటె పక్కన పెట్టి అమ్మ దగ్గరికి వచ్చి, "అవ్వా, నాలుగు ముద్దలు తిని పో, తోవల ఏం దొరుకది" అని తన చేత్తో వడ్డించాడు. అలా మానుకోటలో ఇంకొకసారి, గూడూరులో మరొకసారి తిన్నాం. రాష్ట్రం ఎప్పుడొస్తుందో ఏమో గానీ, ఆ దారిన పోయినవాళ్లెవరూ ఆకలితో పోలేదు.

గూడూరు దాటాక అడవి మొదలైంది. అమ్మ టేకు చెట్లనూ మక్క చేలనూ చూస్తూ కూర్చుంది. తండా చేరేసరికి పొద్దు వాలింది. ఇప్పుడక్కడ స్లాబు ఇళ్లు, ఇంటి మీద గొడుగు యాంటెన్నాలు, చీరల్లో కోడళ్లు. ఒక్క యాడి మాత్రం పాత పద్ధతిలో అద్దాల రవికె వేసుకొని, తల మీద కొంగు కప్పుకొని, ఇంటి ముందు నులక మంచం మీద గోడకు ఒరిగి కూర్చొని ఉంది. మోకాలి మీద పెట్టుకున్న ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర పక్కకు తిరిగి ఉంది.

అమ్మ చెప్పులు విడిచి, మంచం పక్కన నేల మీద కూర్చొని ఆ చెయ్యి పట్టుకుంది. "యాడీ, నేను" అంది.

ముసలామె అమ్మ మొహంలోకి చూసింది. "బువ్వ తిన్నవా బిడ్డా?" అని తెలుగులో అడిగింది. ఎవరొచ్చినా అదే మాట అంటుందని ఆమె కోడలు నెమ్మదిగా చెప్పింది. కోడలికే అరవై దాటి ఉంటాయి. "ఈమధ్య యాది ఉంటలేదక్కా. ఒక్కోపారి నన్నే నువ్వెవ్వలు అంటది."

అమ్మ ఏడవాలని చూసింది. దాని కోసమే కదా వచ్చింది. యాడి మెడ చుట్టూ చేతులు వేసి రాగం ఎత్తబోయింది. గొంతు లేవలేదు. బియ్యం చెరిగేటప్పటి కూనిరాగమే వచ్చింది. యాడి శ్రద్ధగా విని, కోడలి వైపు తిరిగి, "మంచిగ పాడుతది" అంది. అమ్మ నవ్వి చేతులు తీసేసుకుంది. ఆ నవ్వు చూడలేక నేను తల తిప్పుకున్నాను.

అప్పటికి ఇరుగుపొరుగు ఆడవాళ్లు చేరారు. తండాలో ఆ కథ తెలియనివాళ్లు లేరు. తుపాకులోళ్లు చెట్టు కింద ఏడుపు తెగేదాకా కూర్చున్న సంగతి చెప్పుకొని నవ్వారు. ఇప్పటికీ ఎవరైనా చుట్టాలు వచ్చి ఏడుపు బాగా సాగితే, "ఏంది, మోటరోళ్లు వచ్చిన్రా?" అని ఎగతాళి చేస్తారట. "ఆ పిల్లవు నువ్వేనా?" అని అమ్మ చేతులూ మొహమూ తడిమి చూశారు. జొన్నరొట్టె, పచ్చికారం పెట్టారు. యాడి నువ్వుల ముద్దను నోట్లో పెట్టుకొని చప్పరిస్తూ, ఈ సందడి ఎవరి కోసమో తెలియక అందరి వైపూ చూసి నవ్వుతోంది.

"పోదాం బిడ్డా" అంది అమ్మ కొంతసేపటికి. "నన్ను మర్సింది. మంచిదే. ఆ భయం కూడ మర్సి ఉంటది."

జీపుతో తండా మొదట్లోనే ఆగిపోయిన తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు జీపు స్టార్ట్ చేసి, తిప్పి, తండాలోకి తెచ్చి, ఇంజను ఆపకుండానే దిగాడు. ఆ చప్పుడు ఇళ్ల మధ్య దడదడమంది. "అమ్మా, ఇగ పోదమా? పొద్దుగూకుతుంది" అని అరుచుకుంటూ ఖాకీ అంగీలో ఇటు నడిచి వచ్చాడు.

యాడి నోట్లోంచి నువ్వుల ముద్ద జారిపడింది. మంచం మీద నుంచి ఎవరూ పట్టుకోకుండా లేచి నిలబడింది. ఆ వంకర చేత్తో మా అమ్మ మెడ దొరకబుచ్చుకొని, మొహాన్ని తన భుజానికి అదిమి, పైన కొంగు కప్పి, రాగం ఎత్తింది. అంత బక్క మనిషిలోంచి అంత గొంతు ఎలా వచ్చిందో నాకు తెలియదు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కావలసిన అవసరమూ లేదు. నోరు తెరువకు నా తల్లీ, మొఖమెత్తకు, నా తర్వాత నిన్ను పెద్దమ్మ పట్టుకుంటది.

కోడలు నా వైపు ఒక్కసారి చూసి, ముందుకొచ్చి అమ్మ మెడ పట్టుకొని రాగం అందుకుంది. ఆమె తర్వాత పక్కింటామె. ఆ తర్వాత ఇంకొకామె. చీరల కోడళ్లు, జడల పిల్లలు, ఒక్కరు కూడా నవ్వలేదు. ఎవరి ఇంటి ముందు వాళ్లు నిలబడి, మా అమ్మను పట్టుకొని ఏడ్చి, పక్కామెకు అప్పగించారు. తమ్ముడు దారి మధ్యలోనే ఆగిపోయాడు. వాడి వెనక జీపు ఒకటే మోగుతోంది. నేను పక్కగా పరుగెత్తి, చివరి ఇల్లు దాటి, చేను గట్టున నిలబడ్డాను. చివరి ఆడమనిషి అమ్మను నా చేతుల్లో పెట్టింది. అమ్మ ఏడుస్తోంది. నోరు బార్లా తెరిచి, అమ్మా, యాడీ అని రెండు భాషల్లోనూ ఏడుస్తోంది. నా బతుకులో మా అమ్మ ఏడుపు వినడం అదే మొదలు.

అవతల యాడి ఇంకా మంచం పట్టె పట్టుకొని నిలబడే ఉంది. ఖాకీ అంగీ వైపు తిరిగి, దానికి అడ్డంగా నిలబడింది. తమ్ముడికి అప్పటికి అర్థమై, అంగీ విప్పి చుట్ట చుట్టుకొని, పోయి జీపు ఆపి వచ్చాడు. యాడి కోడలిని దగ్గరికి పిలిచి తమ భాషలో ఏదో అడిగింది. కోడలు మా వైపు, మా వెనక చేను అవతల చీకటి పడుతున్న అడవి వైపు చూసి, జవాబు చెప్పింది. తర్వాత నేను అడిగితే రెండు ముక్కలూ తెలుగులో చెప్పింది.

"పిల్ల అడివికి చేరిందా?" అని అడిగిందట.

"చేరింది యాడీ" అని చెప్పిందట.

అప్పుడు ఆ ముసలామె మంచం మీద కూలబడి, నోట్లో కొంగు కుక్కుకోకుండా, బిడ్డ పోయినందుకు ఏడ్చింది.